పూస ఎక్కని మాటలు

కొరియా భాష నేర్చుకునే పుస్తకం కొనుక్కు రమ్మని ఫ్యాక్టరీ వాళ్లు ఒక గుమాస్తాను హైదరాబాదు పంపారు. అతను కోఠీ అంతా గాలించి, రష్యను పుస్తకం ఒకటీ జర్మను పుస్తకం ఒకటీ చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు. ఏదైతేనేం పరాయి భాషే కదా, ఇప్పటికి వీటితో సర్దుకోండి అన్నాడట. ఆ మాట చెప్పుకుని సైటులో చాలా రోజులు నవ్వుకున్నారు. నవ్వులు అయిపోయాక ఆ భాష నేర్చుకునే పని కూలీ జైరాం నెత్తిన పడింది.

అప్పటికి ఫ్యాక్టరీ ఇంకా ఫ్యాక్టరీ కాలేదు. మణుగూరు దారిలో అడవి కొట్టిన చోట ఇనుప స్తంభాలు లేస్తున్నాయి. మిషన్లు కొరియా నుంచి ఓడల మీద విశాఖకు, అక్కడి నుంచి లారీల మీద ఇక్కడికి వచ్చాయి. వాటిని నిలబెట్టడానికి వచ్చిన ఇంజనీర్లలో పెద్దవాడు పాక్ సారు. పొట్టి మనిషి, యాభై దాటినవాడు, గొంతు మాత్రం గుడి గంట. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. కింద తాళ్లు పట్టే మనవాళ్లకు అదీ లేదు. మొదట్లో ఆయన "పల్లి, పల్లి" అని అరుస్తుంటే సమ్మయ్య అనే కూలీ మధ్యాహ్నం గుప్పెడు వేయించిన పల్లీలు తెచ్చి ఆయన చేతిలో పోశాడు. ఆయన వాటిని తిని, మళ్లీ "పల్లి" అనే అరిచాడు. జల్దీ అని దాని అర్థమని తరువాత తెలిసింది.

ఇలాంటివి నవ్వుకోవడానికి బాగుంటాయి. కానీ క్రేను కొక్కేనికి టన్నుల బరువు వేలాడుతున్నప్పుడు పైనున్నవాడు ఎత్తమంటే కిందివాడు దించితే ఏమవుతుంది? ఆ నెలలో రెండుసార్లు వెంట్రుకవాసిలో తప్పింది. అప్పుడు సూపర్‌వైజరు ఆదినారాయణ, సత్తుపల్లి వైపు మనిషి, అందరినీ నిలబెట్టి ఒక కట్టడి చేశాడు. కొరియా వాళ్లు పొద్దస్తమానం అరుస్తూనే ఉంటారు, ఏ అరుపు దేనికో మనకు తెలియదు, వాళ్లు ఎంత అరిచినా ఎవరూ కదలొద్దు, జైరాం నోటి నుంచి మాట వస్తేనే చెయ్యయినా కాలయినా కదపాలి అన్నాడు.

జైరాంనే ఎందుకు ఎంచుకున్నాడంటే, అతని నాలుక అన్ని వైపులా తిరుగుతుందని. జైరాంది దగ్గరి తండా. ఇంట్లో లంబాడీ, బజారులో తెలుగు, సంతలో కోయవాళ్లతో నాలుగు కోయ మాటలు, లారీ డ్రైవర్లతో హిందీ. చదివింది ఏడో తరగతి. తండాలో రాములవారి భజన ముందుండి నడిపేది అతనే. మెడలో తులసి పూసల మాల, ఇంట్లో నీచు లేదు, కల్లు లేదు. కాంట్రాక్టు కూలీగా చేరినవాడికి ఒక్కసారిగా అంత పెద్ద బాధ్యత వచ్చేసరికి సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది. కొక్కెం కింద తాడు పట్టేవాళ్లలో మంగ్లి తమ్ముడు రూప్లా కూడా ఉన్నాడు. మంగ్లి జైరాం భార్య. బావమరిదిని ఆ పనిలో పెట్టించింది జైరామే. తన నోట మాట తడబడితే ఎవరి మీద బరువు పడుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

పుస్తకం లేదు కాబట్టి పాక్ సారే పుస్తకం. మధ్యాహ్నం అన్నాలప్పుడు మిషన్లు వచ్చిన చెక్క పెట్టెల నీడలో ఇద్దరూ కూర్చునేవారు. సారు నీళ్లసీసా ఎత్తి "ముల్" అనేవాడు. టిఫిను డబ్బాలో అన్నం చూపించి "పప్" అనేవాడు. చెయ్యి చూపించి "సోన్". చెయ్యి పైకి లేపి "ఓల్యో", కిందికి దించి "నేర్యో". మాట ఒక్కటే చెప్పడు, పని చేసి చూపిస్తూ చెబుతాడు, జైరాం చేత చేయిస్తూ అనిపిస్తాడు. చెవితో నేర్చింది మధ్యాహ్నానికి పోతుంది, చేత్తో నేర్చింది పోదని ఆయన నమ్మకం.

జైరాంకు ఆశ్చర్యం కలిగించినవి కొన్ని ఉన్నాయి. నేను అనడానికి వాళ్లు 'నా' అంటారు. నాన్నను పిల్లలు 'అప్పా' అంటారు, అమ్మను 'అమ్మా'కు దగ్గరగానే పిలుస్తారు. పైగా ఇంగ్లీషులా మాట తలకిందులు కాదు. నేను అన్నం తిన్నాను అనే వరసలోనే వాళ్లూ అంటారు, పని మాట చివర్నే వస్తుంది. సముద్రాల అవతలి మనిషి మన తీరున మాట పేర్చడం ఏమిటి, ఎవరు నేర్పి ఉంటారు అని అతను ఆలోచించేవాడు. ఆలోచించి, అన్ని నోళ్లూ చేసింది ఆ రామయ్యే కదా అనుకుని దండం పెట్టుకునేవాడు.

విన్నవి నిలుపుకోవడం ఎలా అన్నది మరో చిక్కు. సైటులో చేతులకెప్పుడూ గ్రీజే, రాసుకునే వీలు లేదు. అందుకని తనకు తెలిసిన పద్ధతే పట్టాడు. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, రామనామం ఒక చుట్టు తిప్పాక అదే మాల మీద కొరియా మాటలు తిప్పేవాడు. పూసకొక మాట. కొత్త మాట వస్తే కొత్త పూస. వేలు ఆ పూస మీదికి రాగానే మాట తనంతట తాను నోట్లోకి వచ్చేది. ఇది తప్పా అని మొదట్లో శంక కలిగింది. పదిమంది ప్రాణాలు కాచే మాటలు దేవుడి ముందు అనుకుంటే దేవుడు కాదంటాడా అని సమాధానపడ్డాడు.

మొదటి వానల్లో ఒక మధ్యాహ్నం పాక్ సారు అన్నం పక్కన పెట్టి, ఇవాళ మామూలు మాటలు కాదన్నట్టు వేలు ఊపాడు. ఒక రాయి తీసి తన నెత్తి మీదికి పడుతున్నట్టు చూపించి "విహొమ్" అన్నాడు. లేచి జైరాం గుండె మీద రెండు చేతులు ఆనించి పక్కకు నెట్టి "పిక్యో" అన్నాడు. కిందపడి, నాలుక బయటపెట్టి, కళ్లు తేలేసి "చుగొ" అన్నాడు. సమ్మయ్య వాళ్లు పడీపడీ నవ్వారు. సారు నవ్వలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో, ముందు ఇవి, తరువాతే నీళ్లూ అన్నమూ అన్నాడు. జైరాం ఆ మాటలు పట్టుకెళ్లాడు.

మర్నాడు దీపం ముందు ఆ పూసల మీదికి వేలు వచ్చింది. మాటలు బయటికి వచ్చాయి. మంగ్లి పక్కనే కూర్చుని వత్తులు చేస్తోంది. ఆమెకు అప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. ఇవేం మాటలు, కొత్తగా ఉన్నాయి, ఏమిటి వీటి అర్థం అని అడిగింది. జైరాం అబద్ధం చెప్పే మనిషి కాదు, చెప్పాడు.

మంగ్లి చేతిలో వత్తి ఆగిపోయింది.

"పొద్దుగాల్నే దీపం ముంగట పడుడు, సచ్చుడు, గీ మాటలేంది? బియ్యం అయిపోయినయని కూడా మనం అనం, నిండినయ్ అంటం. కడుపుతోని ఉన్నదాన్ని పక్కకు కూసోవెట్టుకొని గట్లనే అంటవా?"

"పని మాటలు గదనే."

"పని కాడ అను. తులసి పూసల మీద ఎందుకు?"

అందులో తప్పేమీ కనిపించలేదు జైరాంకు. దీపం ఆరిందనకుండా కొండెక్కిందనే మనుషులు. వస్తానంటారు గాని పోతాననరు. నోటి నుంచి వచ్చిన మాట ఇంట్లో తిరుగుతుందని అతని తల్లీ చెప్పేది. ఆ పూసల మీద వేరే మాటలు పెట్టుకున్నాడు. ఆకాశం, చందమామ, పువ్వు. పాక్ సారు ఎప్పుడో సరదాకు చెప్పినవి. పని దగ్గర విడిగా అనుకుందామనుకున్నాడు. పని దగ్గర అనుకునే తీరిక ఎప్పుడుంటుంది? పూస ఎక్కని మాట నాలుగు రోజులకే జారిపోయింది.

కొన్నాళ్ల తరువాత సారు ఒకసారి ఉన్నట్టుండి అడిగాడు, ఆ మాటలు గుర్తున్నాయా అని. జైరాం "నే, నే" అని తల ఊపాడు. అవును అని వాళ్ల భాషలో. పెద్దమనిషి అంత శ్రద్ధగా చెబితే గుర్తు లేవనడం మర్యాద కాదనిపించింది. రేపు మళ్లీ అడిగి నేర్చుకోవచ్చనుకున్నాడు. ఆ రేపు రాలేదు. ఈలోగా మంగ్లికి ఆడపిల్ల పుట్టింది, బలంగా, పచ్చగా. తండా అంతా బెల్లం పంచారు. చూశావా, నేను చెప్పలే అన్నట్టు మంగ్లి అతని వైపు చూసింది. అతనూ నమ్మాడు.

పని బాగానే సాగింది. పైనుంచి పాక్ సారు "ఓల్యో" అంటే జైరాం "ఎత్తు" అనేవాడు. "ఛొంఛొన్ని" అంటే "పైలం, మెల్లగ" అనేవాడు. కూలీలు అతన్ని కొరియా జైరాం అన్నారు. రూప్లా అయితే, మా అక్కకు రోజూ పొద్దున్నే కొరియా భజనేనటగా బావా అని ఎగతాళి చేసేవాడు. ఎగతాళి చేసినా, తాడు పట్టుకున్నాక రూప్లా కళ్లు బావ మీద నుంచి మళ్లేవి కావు. సారు నెత్తి మీద ఎంత గోల చేసినా తల ఎత్తేవాడు కాదు. కట్టడి కట్టడే.

ఆ రోజు పొడుగాటి ఇనుప దూలం ఒకటి దించుతున్నారు. పాక్ సారు పైన చట్రం మీద ఉన్నాడు. జైరాం క్రేను పక్కన, డ్రైవరుకు కనిపించేలా నిలబడ్డాడు. దూలం కొస గాలికి తిరగకుండా కట్టిన తాడు రూప్లా చేతిలో ఉంది. సగం దిగేసరికి దూలం అంచుకు ఇనుప తాడు కోసుకుపోకుండా మధ్యలో పెట్టిన చెక్క ముక్క జారింది. అది పైనుంచి పాక్ సారుకు ఒక్కడికే కనిపించింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరికైనా తల్లి నేర్పిన మాటే వస్తుంది. ఆయనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషు ఎక్కడికి పోయిందో, గొంతు చించుకుని "పిక్యో! పిక్యో!" అని అరిచాడు.

జైరాం విన్నాడు. అక్షరం అక్షరం స్పష్టంగా విన్నాడు. ఎక్కడో విన్న మాటే. వేలు తనకు తెలియకుండానే మెడలో మాల వైపు పోయింది. ఏ పూస మీదా ఆ మాట లేదు.

రూప్లా కదలలేదు. బావ ముఖంలోకి చూస్తూ, ఏమంటాడా అని నిలబడ్డాడు. జైరాం నోరు తెరిచి ఉంది, మాట లేదు. ఇనుప తాడు తెగిన చప్పుడు, దూలం కొస నేలను గుద్దిన చప్పుడు ఒక్కసారే వచ్చాయి.

భద్రాచలం దవాఖానాలో రూప్లా ఎడమ పాదం తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. వరండాలో పాక్ సారు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. రూప్లా తల్లి జమ్లి ఎదురుపడితే నడుము సగానికి వంచి, అలాగే ఉండిపోయాడు. ముసలామెకు ఏమీ అర్థం కాక ఆయన వీపు మీద చెయ్యి వేసింది. జైరాం ఆయన్ని పక్కకు పిలిచి, ఆ మాట ఏమిటని చేతులతో అడిగాడు. సారు కాసేపు అతని ముఖంలోకి చూశాడు. తరువాత రెండు చేతులు జైరాం గుండె మీద ఆనించి మెల్లగా పక్కకు నెట్టాడు. రెండంటే రెండు అడుగులు. అప్పుడు జైరాంకు వానకాలం, చెక్క పెట్టెల నీడ, అన్నీ గుర్తొచ్చాయి. సారు తన గుండె తాను తట్టుకుంటూ, తప్పు తనదే, సరిగ్గా నేర్పలేదు అన్నాడు. కాదనడానికి కూడా జైరాంకు మాటలు తెలియవు.

మూడో రోజు సైటు ఆఫీసులో విచారణ పెట్టారు. లోపలికి వెళ్లే ముందు ఆదినారాయణ జైరాంను నీటి ట్యాంకరు చాటుకు తీసుకెళ్లాడు.

"ఏమరిచాడంటే, ఎత్తమన్నాడని చెప్పు. అంతే. ఆయన ఎటూ పోయేవాడే, వాళ్ల దేశం వాళ్లు చూసుకుంటారు. నువ్విక్కడ బతకాల్సినవాడివి. నీ బావమరిదికి కూడా కంపెనీ తప్పంటే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి."

చెడ్డ మనిషి కాదు ఆదినారాయణ. మంచే చెబుతున్నాననుకున్నాడు. జైరాం తల ఊపి లోపలికి పోయాడు. లోపల పాక్ సారు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఆయన వచ్చీరాని ఇంగ్లీషు అక్కడెవరికీ అందడం లేదు, ఆయన మాట వాళ్లకు చేర్చగలిగింది జైరాం ఒక్కడే. ఏం చెప్పినా అదే ఆయన మాట అవుతుంది. మేనేజరు అడిగాడు. జైరాంకు ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూస్తే అబద్ధం గొంతు దాటలేదు.

"తప్పుకో అన్నడు సార్. జల్దీనే అన్నడు. ముందుగాల నాకు నేర్పిండు కూడా. నేనే మరిసిన."

ఎలా మరిచావని ఎవరూ అడగలేదు. కాగితం మీద రాసుకున్నారు. రేపటి నుంచి గడ్డపార పని చూసుకోమన్నారు. బయటికి వచ్చాక ఆదినారాయణ అతని వైపు చూడకుండా బీడీ ముట్టించుకున్నాడు.

ఎలా మరిచావని అడిగింది మంగ్లి. చంటిపిల్లను తొడ మీద పడుకోబెట్టుకుని, దవాఖానాకు పట్టుకెళ్లడానికి జావ కాస్తూ అడిగింది. అన్ని నెలలు పొద్దున్నే లేచి చదివినవాడివి, ఆ ఒక్క మాట ఎట్లా పోయింది అని. జైరాం పొయ్యిలో కట్టెలు సర్దాడు. సర్దినవే మళ్లీ సర్దాడు. చెప్పకపోతే అబద్ధమాడినట్టు. చెబితే, తమ్ముడి పాదం తీసుకెళ్లి అక్క ఒళ్లో పెట్టినట్టు. ఏ ధర్మం దేన్ని కాదంటుందో అతని ఏడో తరగతి చదువుకు అందలేదు. ఆ మాటలు అనకపోవడం వల్లే ఈ పిల్ల నిలిచిందా? అయితే ఒక ప్రాణం కోసం ఒక కాలు అడిగే దేవుడా తన దేవుడు? కాదు. కాకపోతే ఆ పొద్దున తాము ఎవరికి భయపడ్డట్టు? రాముడికి చెడ్డ మాట వినిపిస్తే మైలపడతాడా? అడవిలో పద్నాలుగేళ్లు తిరిగినవాడు, ఆయన విననిదేముంది?

మంగ్లి పదేళ్లుగా అతని మౌనాలు చదువుతున్న మనిషి. గరిటె ఆగిపోయింది.

"గా రోజు నేను వద్దన్న మాటనేనా?"

జైరాం తల ఎత్తలేదు. జావ పొంగి పొయ్యి మీద పడింది. ఇద్దరిలో ఎవరూ దించలేదు. పిల్ల లేచి ఏడిస్తే అప్పుడు మంగ్లి కుండ దించింది.

దవాఖానాకు బస్సులో వెళ్తున్నంతసేపూ మంగ్లి కిటికీ వైపే తిరిగి కూర్చుంది. రూప్లా మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. దుప్పటి కింద ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు చదునుగా ఉంది. పక్క మంచం ముసలాయనతో ఏదో పరాచికమాడుతున్నవాడు వీళ్లను చూసి ఆపేశాడు. ఎప్పుడు వెళ్లినా అతను అడిగేది ఒక్కటే. ఇన్ని రోజులూ జైరాం తరువాత చెబుతా, ముందు కోలుకో అంటూ దాటేశాడు.

"బావా, ఇయ్యాలన్న చెప్పు. సారు ఏమని అరిసిండు?"

జైరాం మంచం అంచున కూర్చున్నాడు.

"తప్పుకో అన్నడు రూప్లా."

రూప్లా ఆ మాటను లోపల తిప్పుకుంటున్నట్టు కొంతసేపు పైకప్పు వైపు చూశాడు.

"గంతేనా? నేనింకేందో పెద్ద మాట అనుకున్న. నీకు సుత రానంత పెద్దది." ఆగి, అన్నాడు. "తప్పుకో అంటే తప్పుకుంటుంటి గద బావా. జాగ చాలనే ఉండె."

మంగ్లి గిన్నె కింద పెట్టింది. బావను అనకు, వద్దన్నది నేను అని మొదలుపెట్టి, ఆ పొద్దున సంగతంతా, కడుపులో పిల్ల మీద పెట్టుకున్న భయమంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ తమ్ముడి ముఖం వైపు కాక దుప్పటి చదునుగా ఉన్న చోటే చూసింది.

రూప్లా వినీ విననట్టు ఉన్నాడు. చివరికి అక్క ఒళ్లో నిద్రపోతున్న పిల్ల వైపు చూశాడు. చెయ్యి చాచబోయి, మళ్లీ దుప్పటి లోపలికి తీసుకున్నాడు.

"మీరు పోండ్రి అక్కా. రేపు రండ్రి," అన్నాడు.

గోడ వైపు తిరగబోయాడు. కాలు మెలికపడింది. జైరాం లేచి పట్టుకోబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపి, తనంతట తానే, పళ్ల బిగువున, కొంచెం కొంచెంగా తిరిగాడు. అతను పూర్తిగా తిరిగేదాకా ఇద్దరూ నిలబడి చూశారు.

వరండాలో మంగ్లి ఆగింది. మిగతావాళ్లకైనా ఆ మాట తెలుసా అని అడిగింది. రేపు అక్కడ తాళ్లు పట్టేవాళ్లకు ఎవరు చెబుతారు? తాను గడ్డపార పట్టినవాడు, తన మాట ఎవరు వింటారు అన్నాడు జైరాం.

"వింటె విననియ్యి, తిడితె తిట్టనియ్యి. పోయి చెప్పు," అంది మంగ్లి. "అందరికి చెప్పు. నోట్ల నోట్ల ఉండాలె."

మర్నాడు అన్నాల వేళ జైరాం గడ్డపార పక్కన పెట్టి చెక్క పెట్టెల దగ్గరికి నడిచాడు. సమ్మయ్య వాళ్లు ముఖం తిప్పుకున్నారు. అతను ఎదురుగా నిలబడి, "పిక్యో" అంటే తప్పుకో అని చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లు అన్నం కలుపుకుంటూనే ఉన్నారు. తరువాత ఒకడు, తింటూనే, తల ఎత్తకుండా, ఆ మాట తిరిగి అన్నాడు.